మెడ తీయని గౌను

“దడదడ దడదడ దడదడ… విన్నావా అమ్మాయ్! గుర్రం పరుగెత్తుతున్నట్టు లేదూ!”

“ఆపమనండి, అత్తయ్యా.”

“ఏమిటి ఆపేది? మన బిడ్డ గుండె! డాక్టరుగారూ, ఇంకొంచెం గట్టిగా పెట్టండి. చెవులారా విననీయండి.”

“వద్దండీ. ఆపేయండి. ఆ మీట ఎక్కడుందో చూపించండి, నేనే ఆపేస్తా.”

“ఇదిగో, ఆపేశాను. లేవకు తల్లీ, లేవకు. పొట్ట మీద జిగురు తుడవనీ. ఊపిరి తీసుకో. ఆఁ, అలా.”

పరీక్ష గది అది. బల్ల మీద నెలలు నిండుతున్న కోడలు. పక్కన స్టూలు మీద, ఒళ్ళో గుడ్డసంచితో, ఇంట్లోనే బట్టలు కుట్టే అత్త. చేతిలో మూగబోయిన యంత్రంతో డాక్టరమ్మ.

“ఇదీ వరస, డాక్టరుగారూ. ఇంట్లోనూ ఇంతే. నేను కుట్టుమిషను ముందు కూర్చున్నానంటే చాలు, లేచి పెరట్లోకి పోతుంది. చప్పుడంటే చిరాకు. రేపు బిడ్డ కేరుమంటే ఏం చేస్తుందో!”

“చిరాకు కాదు, అత్తయ్యా.”

“మరేమిటి?”

“ఏమీ లేదు.”

“ఇదొకటి నేర్చుకుంది, ‘ఏమీ లేదు’. మా ఇంట్లో ఉప్పుకంటే ఎక్కువ ఖర్చయ్యే మాట ఇదేనండీ.”

“సరే, సరే. బిడ్డ బాగుంది. తల కిందికి తిరిగింది, నీరు సరిపడా ఉంది, బరువూ బాగుంది. నిదానంగా లేచి కూర్చో. నా దగ్గరికి రావడం ఇదే మొదటిసారి కదా. ఇన్నాళ్ళూ ఎక్కడ చూపించుకున్నావు?”

“పాత ఇంటి దగ్గర ఆస్పత్రిలోనండి. ఇల్లు మారాం. దూరమైపోయింది.”

“రిపోర్టులు?”

“ఇల్లు మారడంలో… ఎక్కడో పడ్డాయి.”

“ఎక్కడికి పోతాయండీ! మా ఇంట్లో ఏది పోయినా నా గుడ్డముక్కల మూటలోనే తేలుతుంది. నా కత్తెర తప్ప.”

“ఇది ఎన్నో కాన్పమ్మా?”

“తొలిచూలండీ.”

“నేను అమ్మాయిని అడిగాను, అత్తగారూ.”

“ఎవరు చెబితే ఏమిటండీ? తొలిచూలే. కదమ్మాయ్?”

“అత్తయ్య చెప్పారుగా.”

“ఊఁ. బల్లెక్కేముందు ఏదో అడగాలన్నావు?”

“అదే… ఆపరేషను. నొప్పులు రాకముందే. మీరొక రోజు చెబితే ఆ రోజుకు వచ్చేస్తానండి.”

“చూశారా, చూశారా! ఇంటి దగ్గర మొదలుపెట్టిన పాట ఇక్కడా ఎత్తుకుంది. బిడ్డ బాగుంది, తల కిందికే ఉంది, ఇప్పుడే మీ నోటితో మీరే అన్నారు. ఇంక కత్తెందుకు? నేను బుద్ధెరిగినప్పటినుంచీ గుడ్డలు కోస్తున్నదాన్ని. కత్తెర పడ్డ గుడ్డను ఎంత నేర్పుగా కుట్టినా అతుకు అతుకే.”

“అతుకు లేని చొక్కా ఉంటుందా, అత్తగారూ?”

“ఉండదనుకోండి. అది వేరు.”

“ఎందుకమ్మా ఆపరేషను?”

“ఆయనకు సెలవు దొరకదండి. రోజు ముందే తెలిస్తే…”

“వాడికి సెలవెందుకు? మా వాడు ఇంజక్షను సూది చూస్తేనే కళ్ళు తేలేస్తాడు. వాడొచ్చి చేసేదేముంది, ఇంకో మంచం మీద అడ్డంగా పడటం తప్ప!”

“నా ఆఫీసులోనూ ముందే చెప్పాలండి.”

“ఇంకా?”

“నొప్పంటే భయం.”

“నొప్పంటే భయమా! నీకా! తలుపు సందులో వేలు నలిగి గోరు ఊడితే కిక్కురుమనలేదు డాక్టరుగారూ. ఆ వేలికి గుడ్డ చుట్టుకుని ఆఫీసుకు పోయి టైపు కొట్టి వచ్చింది. దీనికి నొప్పంటే భయమట!”

“అత్తగారూ, ఆ ఒళ్ళోది ఏమిటి? ఇందాకట్నుంచి సంచిలోంచి తీస్తున్నారు, మళ్ళీ పెడుతున్నారు.”

“ఇదా… చంటిపిల్ల గౌనండీ. అంచు చేత్తో వేస్తున్నా. చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు.”

“ముద్దుగా ఉంది. కానీ మెడ ఏదీ? బిడ్డ తల ఎలా దూరుస్తారు?”

“చంటిపిల్లల గౌనుకు మెడ చివర తీస్తానండీ. బిడ్డ పుట్టాక, తల కళ్ళారా చూసి. అందాజాగా ముందే కత్తిరిస్తే బిగుసుకుంటుంది, లేదా భుజం మీంచి జారుతుంది. ఎందరి పిల్లలకు కుట్టానో, అందరికీ ఇదే పద్ధతి. కత్తెర పట్టుకుని తలకోసం చూస్తుంటాను.”

“గుడ్డ కొత్తదిలా లేదే. మడత దగ్గర రంగు వెలిసింది.”

“పెట్టెలో… పెట్టెలో ఉండిపోయిందండీ.”

“అత్తయ్యా, అది లోపల పెట్టండి.”

“ఏం, ఇప్పుడేమైంది?”

“లోపల పెట్టండి అత్తయ్యా. దాన్ని ఇక్కడికెందుకు తెచ్చారు?”

“రావలసినవాళ్ళకోసం తెచ్చా. ఎవరిది వాళ్ళే వచ్చి వేసుకుంటారు.”

“అత్తయ్యా!”

“అత్తగారూ, మీరు కాసేపు బయట బెంచీ మీద కూర్చుంటారా?”

“నేను వినకూడనిది ఏముందండీ?”

“ఏమీ లేదు. చూశారా, ఆ మాట మీ ఇంట్లోనే కాదు, నా దగ్గరా బాగానే ఖర్చవుతుంది.”

“హుఁ. సరే. తలుపు వేయనా?”

“దగ్గరగా వేయండి.”

తలుపు దగ్గరగా పడింది. గడియ పడిన చప్పుడు రాలేదు. లోకంలో అన్ని చప్పుళ్ళూ వినే కోడలు ఆ ఒక్క రాని చప్పుడును వినలేదు.

“ఇప్పుడు చెప్పు.”

“చెప్పానుగా అండీ. నొప్పంటే…”

“గోరు ఊడిన వేలితో టైపు కొట్టావటగా.”

“అత్తయ్య ఏదైనా రెండింతలు చేసి చెబుతారు.”

“ఇంతకీ ఏం ఉద్యోగం?”

“కోర్టులో. లాయర్లు అడిగిందీ, సాక్షులు చెప్పిందీ రికార్డు చేస్తారు. నేను చెవులకు పెట్టుకుని విని, అక్షరం పోకుండా టైపు చేస్తా.”

“అంటే వినడమే పని.”

“వినడమే. ఎక్కడ ఆగాడో, ఎక్కడ గుటక వేశాడో అవి టైపు చేయం. కానీ వినిపిస్తాయి.”

“చెవులతో బతికే మనిషి, కడుపులో బిడ్డ గుండె వినిపిస్తే ఆపమంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇంకొకసారి, ఇంకొక్కసారి అని బతిమాలుతారు తల్లీ. ఫోనులో రికార్డు చేసుకుని పోయేవాళ్ళూ ఉన్నారు. ఆపమన్నవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళెవరూ ఆ చప్పుడు మొదటిసారి వింటున్నవాళ్ళు కారు. ఇష్టం లేకపోతే చెప్పొద్దు. ఎందుకని అడగడం నా పని. నిన్ను బోనులో నిలబెట్టడం కాదు.”

“మిగతావాళ్ళు ఎందుకు అడుగుతారండీ, ఆపరేషను?”

“ఒక్కొక్కరిది ఒక్కొక్క కథ. ఒకావిడ క్యాలెండరు పట్టుకుని వచ్చింది, ఈ రోజే కావాలని. ముహూర్తాల పిచ్చి అనుకుని నవ్వాను. తరువాత తెలిసింది, ఆ ఒక్కరోజే వాళ్ళక్క వచ్చి తోడుండగలదట. ఇంట్లో ఇంకెవరినీ నమ్మదట. ఇంకొకామె, ఎవరి చెయ్యి తగిలినా రాయిలా బిగుసుకుపోయేది. చిన్నప్పుడు ఎవరో… అది ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఇంకొక పిల్లకు వాళ్ళమ్మ, నిన్ను కనడానికి నేను పడ్డ నరకం అంటూ ఊహ తెలిసినప్పటినుంచీ చెప్పి చెప్పి, భయాన్ని ఉగ్గుపాలతో పోసింది. కొందరికి నిజంగా నొప్పే భయం. అదీ తప్పేం కాదు. కానీ ఎవరూ మొదటి మాటలో అసలు మాట చెప్పరు.”

“వాళ్ళందరికీ చేశారా?”

“చెప్పుకున్నాక గుండె తేలికై, వద్దులెండి, నేనే కంటానన్నవాళ్ళు ఉన్నారు. చెప్పుకున్నాక కూడా కోతే కావాలన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు చేశాను.”

“ఆ రోజు కూడా దడదడమనే ఉండింది.”

“ఏ రోజు?”

“ఆ రోజు. రెండేళ్ళ కిందట. నొప్పులు మొదలయ్యాక, బిడ్డ గుండె వినిపించే పట్టీ పొట్టకు కట్టారు. గదంతా ఆ చప్పుడే. మొదట ఎంత బాగుండిందో డాక్టరుగారూ! నొప్పి వచ్చినప్పుడల్లా దాన్నే పట్టుకుని ఈదేదాన్ని. చీకట్లో గట్టుమీద ఎవరో నిలబడి, ఇటు రా, ఇటు రా అని పిలుస్తున్నట్టు.”

“ఊఁ.”

“తరువాత… దడ, దడ. దడ… దడ. మెల్లబడింది. అక్కడున్న నర్సుతో చెప్పాను. నొప్పి వచ్చినప్పుడు అలాగే అవుతుందమ్మా, నువ్వు అటు వినకు, కళ్ళు మూసుకో అంది. మంచిది పాపం. నా నుదురు తుడిచింది. నిజంగానే మెల్లబడుతుందటగా, నొప్పి వచ్చినప్పుడు?”

“పడుతుంది. నొప్పి పోగానే మళ్ళీ అందుకోవాలి.”

“అందుకుంది. చాలాసార్లు అందుకుంది. అది అందుకున్నప్పుడల్లా నేనూ ఊపిరి అందుకున్నా. ఒకసారి అందుకోలేదు. అప్పుడందరూ పరుగెత్తారు. ఏవేవో తెచ్చారు. పట్టీ జరిపారు, మళ్ళీ జరిపారు. వాళ్ళెవరికీ ఏమీ వినిపించడం లేదు. నేను మాత్రం వింటూనే ఉన్నా.”

“ఏం విన్నావు తల్లీ?”

“చప్పుడు లేకపోవడం. అది కూడా వినిపిస్తుందండీ. అన్నిటికంటే గట్టిగా వినిపిస్తుంది.”

“బిడ్డ…”

“ఆడపిల్ల. మామూలుగానే కన్నా. కాన్పు సవ్యంగా అయింది, ఒక్క కుట్టు కూడా పడలేదన్నారు నాతో. ఆ మాట చెప్పినావిడ గొంతులో నిజంగానే సంతోషం ఉంది. నా చెవులు అలాంటివి విడిచిపెట్టవు.”

“పేరు పెట్టారా?”

“లేదు. కాదు, పెట్టా. కడుపులో ఉన్నప్పుడే. ఆ చప్పుడు మొదటిసారి విన్న రోజునే. ఎవరికీ చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదు. పుట్టాక ముందు తనకే చెబుదామని దాచుకున్నా.”

“తరువాత?”

“తరువాత ఎవరికి చెప్పను? ఇంట్లో దాన్ని ‘ఆ సంగతి’ అంటారు. ఆ సంగతి జరిగాక, ఆ సంగతి కాకముందు. అత్తయ్య అసలు ఆ మాత్రం కూడా అనరు. తొలిచూలన్నారు, విన్నారుగా.”

“ఎందుకలా?”

“పాప పోలేదట. దారి తప్పి వెనక్కి వెళ్ళిందట. ఇప్పుడు మళ్ళీ అదే వస్తోందట. అందుకే ఆ గౌను. అది ఆ పాపకోసం కుట్టిందే. వెళ్ళిన దారినే తిరిగి రావాలి, ఆ దారి మూయకూడదని ఆవిడ పట్టు. కోత అంటే గుమ్మానికి తాళం వేసినట్టట.”

“నువ్వేమంటావు?”

“పగలు నమ్మను. చీకటి పడ్డాక… కొంచెం నమ్ముతా. కానీ ఈ బిడ్డ వేరే డాక్టరుగారూ. నా కడుపు కదా, నాకు తెలియదా? ఆ పాప కుదురుగా ఉండేది. ఈ బిడ్డ ఒక్క క్షణం ఊరుకోదు, మోకాళ్ళతో పొడుస్తుంది. ఒకరు పోయిన దారిలోకి ఇంకొకరిని ఎలా పిలవను? ఆ గుమ్మం దగ్గరే పాప కూర్చుని ఉంటే? పిచ్చిమాట అనుకుంటున్నారు కదూ.”

“లేదు. నీ భయం నొప్పి కాదన్నమాట.”

“నొప్పి ఎంతైనా పడతా. వినలేను. మెల్లబడుతోందా, అందుకుంటుందా అని, మళ్ళీ ఆ చప్పుడు పట్టుకుని అంతసేపు వేలాడలేను. మీరు కోస్తే కాసేపే కదా? వినడానికి వ్యవధి ఉండదు కదా?”

“కాసేపే. ఒక మాట. చప్పుడు పూర్తిగా ఆపేసి, తెర మీద అంకెలు మేమే చూసుకుంటే? నీకు వినిపించదు.”

“వినిపించకపోతే ఇంకా వింటా. ఇంట్లో ఫ్యాను నేను ఆపనండీ. ఎవరైనా ఆపితే, రెక్కలు నిలిచేలోపల గదిలోంచి బయటపడతా. ఆఫీసులో, ఆగి ఆగి మాట్లాడే సాక్షి వచ్చాడంటే ఆ రికార్డు పక్కసీటు అమ్మాయికి ఇచ్చేసి, ఆమె పని నేను చేస్తా. అన్నిటికంటే ఘోరం ఇంట్లో.”

“ఏమిటి?”

“అత్తయ్య మిషను.”

“కుట్టుమిషనా? అది టకటకలాడుతూనే ఉంటుంది కదా?”

“టకటకలాడితే భయం లేదు. ఆ చప్పుడులో హాయిగా నిద్రపోగలను. నేను నడుం వాల్చగానే ఆవిడ మెల్లగా తొక్కుతారు. టక, టక. టక… టక. ఆ పైన పాదం తీసేస్తారు. నేను మంచం మీద పిడికిళ్ళు బిగించి, మొదలుపెట్టండి అత్తయ్యా, మళ్ళీ మొదలుపెట్టండి అత్తయ్యా, అని లోలోపల… అందుకే ఆవిడ మిషను దగ్గరికి పోయారంటే చాలు, మెల్లబడకముందే లేచి పెరట్లోకి పోతా.”

“ఆ మాట ఆవిడతో అనలేదా?”

“అంటే ఎందుకని అడుగుతారు. అడిగితే పాప సంగతి ఎత్తాలి. ఆ ఇంట్లో ఆ మాట ఎక్కడ దించుకోనండీ?”

“సరే. ఇప్పుడు నా మాట విను. భయపెట్టడానికి కాదు, దాచకూడదు గనుక చెబుతున్నా. కోతతో నొప్పి పోదు. ముందు పడేది వెనక పడతావు. దగ్గితే నొప్పి, నవ్వితే నొప్పి, లేచి కూర్చోవాలంటే ఒకరి చెయ్యి కావాలి. నెత్తురు ఎక్కువ పోవచ్చు. కుట్టు చీము పట్టవచ్చు. బిడ్డ మొదట్లో కాస్త ఎగఊపిరి తీయవచ్చు. మళ్ళీ కడుపు పండితే ఈ గాటును లెక్కలోకి తీసుకోవాలి. ఇంకొకటి. మామూలు కాన్పైనా ఈసారి క్షేమంగానే జరుగుతుందని నా అంచనా. అంతా చెప్పాను. ఏం కావాలి?”

“కోతే.”

“ఇంటికి పోయి ఆలోచించుకుంటావా?”

“రెండేళ్ళుగా ఇంకేం ఆలోచించాను!”

“అయితే చేస్తాను. నెలలు పూర్తిగా నిండనిచ్చి, ఒక పొద్దున పూట… ఎవరది, తలుపు దగ్గర?”

తలుపు తెరుచుకుంది. వచ్చిన మనిషి కూర్చోలేదు. సంచిని రెండు చేతులా గుండెకు అదుముకుని నిలబడింది.

“గడియ పడలేదండీ. నేనేం చెవి పెట్టలేదు. పెట్టాననుకోండి.”

“అత్తయ్యా, అదీ…”

“నువ్వుండు. మిషను గురించి ఏమన్నావు?”

“ఏమీ లే…”

“అనకు! ఆ మాట ఇంక అనకు అమ్మాయ్. మిషను గురించి ఏమన్నావు?”

“మెల్లగా తొక్కుతారని.”

“నువ్వు పడుకున్నావని! ఒట్టి మనిషి కాదు, ఇప్పుడిప్పుడే కునుకు పట్టింది, లేపకూడదని! మునివేళ్ళతో తొక్కుతూ, చక్రాన్ని చేత్తో ఆపుకుంటూ, ఒక్కొక్క కుట్టూ ఊపిరి బిగబట్టి వేసేదాన్ని. నీకోసమే అమ్మాయ్. నీకోసమే.”

“నాకు తెలుసు అత్తయ్యా.”

“తెలిసి ఊరుకున్నావా? ముసలిదానా, గట్టిగా తొక్కవే, అని ఒక్కసారి అనలేకపోయావా?”

“మిమ్మల్ని ముసలిదానా అంటానా?”

“అనాల్సింది! జోల పాడుతున్నాననుకున్నా. జోల అనుకుని రోజూ నీకు దాన్నే వినిపించానా, నేను?”

“ఏడవకండి అత్తయ్యా.”

“ఎవరేడ్చారు? కంట్లో దారప్పోగు పడింది.”

“కూర్చోండి అత్తగారూ. ఇవిగో నీళ్ళు.”

“నా పని కోడలికి నామోషీగా ఉందనుకున్నా డాక్టరుగారూ. మిషను చప్పుడు దానికి చిన్నతనంగా ఉంది, అందుకే లేచి పోతోంది అనుకున్నా. పక్కింటావిడతో కూడా అన్నా.”

“అదీ విన్నాలెండి.”

“విన్నావా! నీ చెవులు పాడుగాను… కాదు కాదు, చల్లగా ఉండాలి, చల్లగా ఉండాలి. అమ్మాయ్, ఇంకొకటి అన్నావు. గుమ్మం దగ్గర కూర్చుని ఉంటే, అని. నిజంగా అలా అనిపిస్తుందా?”

“మీరే కదా అత్తయ్యా, వస్తుంది, అదే వస్తుంది అంటారు. మీరలా అన్నప్పుడల్లా, మరి ఈ లోపలున్న బిడ్డ ఎక్కడికి పోవాలి అనిపించేది. గౌను ఆ పాపది. ఊయల ఆ పాపది. మీ ఎదురుచూపంతా ఆ పాపకోసం. ఈ బిడ్డ ఎవరిగా పుట్టాలి? దీనికి వేరే గుమ్మం కావాలి అత్తయ్యా. అంతే నేను అడిగేది.”

“నేను మాత్రం ఏం చేయనే! ఆ రోజు ఇలాంటి బెంచీ మీదే, కత్తెర పట్టుకుని కూర్చున్నా. ఎప్పుడు తలుపు తెరుస్తారా, ఎప్పుడు తల చూస్తానా, ఎంత మెడ తీయాలా అని. తెరిచారు. నాకు చూపించలేదు. పెద్దవాళ్ళు, తట్టుకోలేరు, చూడకండన్నారు. తీసుకుపోయారు. కళ్ళతో చూడని బిడ్డ పోయిందంటే ఎలా నమ్మను? కొలత ఇవ్వకుండా పోయిన మనిషి మళ్ళీ వస్తుంది కదా, బట్ట నా దగ్గరే ఉంది కదా! అలాగే అనుకున్నా. ఇంకోలా అనుకోవడం నాకు చేతకాలేదు.”

“నేను చూశాను అత్తయ్యా.”

“…ఎలా ఉంది?”

“ఇన్నాళ్ళూ అడగలేదే?”

“ఇప్పుడు అడుగుతున్నా. తల ఎంతుంది?”

“ఇంత. నా రెండు గుప్పిళ్ళూ దగ్గర చేర్చితే ఎంతో అంత. జుట్టు ఒత్తుగా ఉంది. చెవులు మీవే. కింద తమ్మెలు చెంపకు అతుక్కుని ఉన్నాయి, అచ్చం మీకున్నట్టే.”

“అవి మా అమ్మ చెవులు.”

“కళ్ళు తెరవలేదు. ఎవరో కబుర్లు చెబుతుంటే వింటూ వింటూ నిద్రపోయినట్టు ఉంది.”

“చెవులు మా అమ్మవి… జుట్టు ఒత్తుగా… ఊఁ. అయితే వచ్చింది. వచ్చింది, నువ్వు చూశావు, పోయింది. అంతేనా అమ్మాయ్?”

“అంతే అత్తయ్యా.”

“కోయండి డాక్టరుగారూ. చక్కగా కోసి చక్కగా కుట్టండి. కుట్లు దగ్గరదగ్గరగా పడాలి. ఆ దారం ఒకసారి నేను చూడొచ్చా?”

“చూపిస్తాను. నచ్చకపోతే మీరే తెచ్చేట్టున్నారు.”

“లోపలికి ఒకరిని రానిస్తారా?”

“ఒకరిని రానిస్తాం. వాళ్ళాయన…”

“వాడా! వాడు పడిపోతే ఎత్తడానికి ఇంకో ఇద్దరు కావాలి. నేను వస్తా. అమ్మాయి తల దగ్గర కూర్చుని మాట్లాడుతూనే ఉంటా. బిడ్డ కేరుమనేదాకా ఆపను. మీ యంత్రాలు ఏమంటున్నాయో దీని చెవిన పడనివ్వను.”

“మీరు ఆపరు, నాకు తెలుసు అత్తయ్యా.”

“విన్నారా, దీని నోరు! రానీ, ఇంటికి రానీ. మిషను ఇంక వీధి చివరికి వినిపించేట్టు తొక్కుతా. ఇరుగూ పొరుగూ తిట్టుకుంటే తిట్టుకోనీ.”

“అయితే రాసుకుంటాను. మొదట్లో నేను ఒకటి అడిగితే మీరే జవాబిచ్చారు అత్తగారూ. ఆ జవాబు మళ్ళీ కావాలి. ఇది ఎన్నో కాన్పు? అమ్మాయిని అడగనా?”

“వద్దు. అబద్ధం ఆడింది నేను, నేనే చెబుతా. రెండోదండీ. ముందు ఆడపిల్ల. ఇదిగో, ఈ గౌను ఆ పిల్లది. దీనికి మెడ తీయను. ఇంక తీయను. ఈ వచ్చే బిడ్డకు కొత్త గుడ్డలో కుడతా, దాని తల చూసి దానికే కత్తిరిస్తా. ఇది మాత్రం మడతపెట్టి దాస్తా. ఎవరైనా అడిగితే, ఇది మా పెద్దదానిదని పేరు పెట్టి చెబుతా.”

“ఏ పేరు పెట్టి చెబుతారు అత్తయ్యా? నేను ఎవరికీ…”

“మిషను మెల్లగా తొక్కడం నాకెప్పుడు అలవాటైందనుకున్నావు అమ్మాయ్? అప్పుడే. ఆ పిల్ల నీ కడుపులో ఉన్నప్పుడే. నువ్వు కిటికీ పక్కన కూర్చుని, మిషను చప్పుడులో ఎవరికి వినిపిస్తుందిలే అని, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఒకటే కబుర్లు. నేను పాదం మెల్లగా వేసేదాన్ని, ఏం చెబుతుందో విందామని. నువ్వు పేరు పెట్టి పిలిచేదానివి. నేను వినేదాన్ని. నీ అంతట నువ్వు చెప్పేదాకా తెలియనట్టే ఉందామనుకున్నా.”

“మీరు… విన్నారా?”

“రోజూ. రాసుకోండి డాక్టరుగారూ, ఈ బిడ్డకు అక్క ఉంది. రవళి.”